వృత్తి: ప్రైవేట్

మా బావమరిది చంటి ఫైలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. పసుపు పచ్చ అట్ట, లోపల నాలుగేళ్ల కాగితాలు. నూటికి తొంభై అతని భార్యవి. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల్లోకి మందు పంపి తీసిన ఎక్స్‌రే, మళ్లీ స్కానింగులు. మొన్నటిదాకా చంటి పేరుతో ఉన్నవి రెండే. ఒకటి వీర్య పరీక్ష రిపోర్టు, అది కూడా పెళ్లయిన నాలుగో ఏడు చివర్లో చేయించింది. రెండోది ఆ రోజు ఆస్పత్రిలో ప్రింటు తీసిచ్చిన ఫారం. పేరు, వయసు, ఊరు, సిగరెట్టు ఉందా, మందు ఉందా, షుగరు ఉందా, అన్ని గడులూ నిండాయి. వృత్తి అన్న గడిలో ‘ప్రైవేట్’ అని ఉంది.

చంటి వెల్డర్.

ఉండి నుంచి భీమవరం వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, పన్నెండేళ్లుగా అక్కడే పని. అతను చేరిన కొత్తలో ట్రాక్టరు తొట్లు, దమ్ము చక్రాలు, గ్రిల్సు చేసేవారు. చుట్టూ చేలు చెరువులయ్యేసరికి పనీ మారింది. ఏరేటర్ల ఫ్రేములు, మేత పడవలు, తూము షట్టర్లు, మోటారు షెడ్లు, గట్టు మీద కాపలా మనిషి పడుకునే రేకుల గది. రొయ్యల చెరువంటే నీళ్లలో ఎంతో కొంత ఉప్పు ఉంటుంది. మామూలు ఇనుప పైపు ఆ తేమకీ ఆ ఉప్పుకీ తట్టుకోలేదు, ఎన్ని కోట్లు రంగు వేసినా తుప్పు లోపల్నుంచి పొంగుకొస్తుంది. అందుకని చెరువు రైతు ఎవరొచ్చినా జీఐ పైపే అడుగుతాడు. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. పైపును కాపాడేది ఆ పూతే. రాడ్డు తగలగానే అన్నిటికన్నా ముందు పొగై లేచేదీ అదే.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. జింకు 907 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది, ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. ఈ రెండు అంకెలూ ఏటా బోర్డు మీద రాస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వెల్డింగ్ షెడ్డులో ఏం జరుగుతుందో తెలిసిపోవాలి కదా. నాకు తట్టలేదు. పోయినేడు దీపావళి ముందు ఒక సాయంత్రం గేటు పని మీద వెళ్లి, అరగంట అతని వెనక నిలబడితే గానీ తట్టలేదు. చంటి ముఖానికి అద్దం అడ్డం పెట్టుకుని, గొంతుక్కూర్చుని పైపు మీదకి వంగి ఉన్నాడు. ముక్కుకు అడ్డం తువ్వాలు. తెల్లటి పొగ నేరుగా అతని గడ్డం కిందనుంచి పైకి లేస్తోంది. అందులోంచి దూది పింజల్లాంటివి తేలుతూ వచ్చి నా చొక్కా మీద వాలాయి. వేళ్ల మధ్య రాస్తే ముగ్గుపిండి కన్నా మెత్తగా ఉంది. జింకు ఆక్సైడ్. పూర్వం యూరప్ రసవాదులు దీన్నే ‘తత్త్వవేత్తల ఉన్ని’ అనేవారు. ఆ ముక్క చెప్పి క్లాసులో పిల్లల్ని నవ్వించడం నాకు అలవాటు.

“ఇది రోజూ పీలుస్తున్నావా?” అని అడిగితే చంటి నవ్వాడు. “అలవాటైపోయిందండీ బావగారూ. సోమవారం మాత్రం కాస్త జొరం తగులుద్దండి. పాలు తాగితే పోద్ది.”

ఆ సోమవారం జ్వరం కట్టుకథేం కాదు. జింకు పొగ పీల్చిన కొన్ని గంటలకు చలి, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి మొదలై, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. డాక్టర్లు దీన్ని లోహపు పొగ జ్వరం అంటారు. వారం మధ్యలో ఒంటికి అలవాటు పడి రాదు, ఆదివారం సెలవు గడిస్తే మళ్లీ వస్తుంది. పాలకీ ఆ జ్వరం తగ్గడానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట చెబితే షెడ్డులో ఎవరూ నమ్మలేదనుకోండి.

ఇంట్లో సంగతి ఇంకోలా ఉంది. చంటి భార్య నాకు చెల్లెలు వరస. ఈ నాలుగేళ్లలో ఆ పిల్ల వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు రెండుసార్లు చెల్లించింది. షష్ఠికి బిక్కవోలు వెళ్లింది. మూడు ఆస్పత్రులు తిరిగింది. పేరంటానికి పిలిస్తే వెళ్లడం మానేసింది. మా అత్తయ్యగారైతే “దానికి ఒంట్లో వేడి ఎక్కువ” అని తేల్చేశారు. డాక్టర్లు చంటిని పరీక్షకు రమ్మనలేదా అంటే, రమ్మన్నారు. చంటే వెళ్లలేదు. “నాకేం లోటండీ, రాయిలా ఉంటేను” అనేవాడు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరింట్లోనూ ఎవరూ వాడరు. చివరికి నా భార్య తమ్ముణ్ణి గట్టిగా కేకలేస్తే అప్పుడు కదిలాడు.

రిపోర్టులో మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు, కదులుతున్నవి 24 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన లెక్కల ప్రకారం కింది హద్దులు 1 కోటి 60 లక్షలు, 42 శాతం. హద్దు దిగువన ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు, పుట్టడం కష్టమవుతుందని. డాక్టరు సిగరెట్టు మానమన్నారు, బిగుతు ప్యాంట్లు వద్దన్నారు, మాత్రలు రాశారు. ఇంటికొచ్చాక ఆ మాత్రల అట్ట వెనక చదివితే మొదటి పేరే జింకు.

నాకు కాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. రోజంతా జింకు పీల్చేవాడికి జింకు మాత్ర! ఆ మాత్ర మీద తెల్లటి పూత టైటానియం డయాక్సైడ్, అది ఇంకో లోహ ఆక్సైడు. పోనీ ఆ మాత్రైనా పనిచేస్తుందా అంటే, అమెరికాలో 2,370 మంది మగవాళ్లతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. రోజుకు 30 మిల్లీగ్రాముల జింకు, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఆరునెలలు ఇచ్చారు. వీర్యంలో మెరుగు లేదు, పుట్టిన పిల్లల సంఖ్యలో తేడా లేదు.

ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. జింకు ఒంటికి కావాల్సిందే కదా? కావాలి. మన చేలకూ కావాలి. వరికి జింకు లోపం వస్తే ఆకు మీద తుప్పు మచ్చలు పడతాయని, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేయాలని దాళ్వా రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మగవాడి వీర్యంలో జింకు రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, కణాల తయారీకి అది లేకపోతే కుదరదు. అయితే అదే జింకు ఏ రూపంలో, ఏ దారిన, ఎంత వచ్చిందన్నదే లెక్క. కాలువలో నీళ్లు చేలోకి తూములోంచి వస్తే పంట, గట్టు తెగి వస్తే మునక.

రూపం సంగతి ముందు చూద్దాం. సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చిన్న ఘనాన్ని తీసుకోండి. దాని పైతలం మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే పది నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) ముక్కలుగా కోసుకుంటూ పోతే, సరుకు గ్రాము పెరగదు, పైతలం మాత్రం 600 చదరపు మీటర్లవుతుంది. మన భాషలో దాదాపు 15 సెంట్లు. వేలి గోరంత చోటు ఒక ఇంటి స్థలమూ పెరడూ అయిపోయిందన్నమాట. రసాయన చర్య జరిగేదంతా పైతలం మీదే కాబట్టి, ముద్దగా ఉన్నప్పుడు గమ్మున కూర్చునే పదార్థం నానో పొడి అయ్యాక ఊరుకోదు. వెల్డింగ్ పొగలో జింకు ఆక్సైడ్ రేణువులు చాలా వరకు వంద నానోమీటర్ల లోపే పుడతాయి, తర్వాత గొలుసులుగా, గుత్తులుగా అంటుకుంటాయి. తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. నానో టెక్నాలజీ అంటే హైదరాబాదులో తెల్లకోటు వేసుకున్నవాళ్ల వ్యవహారమని మనం అనుకుంటాం. అసలైన నానో కార్ఖానా రోడ్డు పక్క రేకుల షెడ్డే.

ఇక దారి. పొట్టలోకి వెళ్లిన జింకును పేగు కొలిచి తీసుకుంటుంది, ఎక్కువైతే వదిలేస్తుంది. ఊపిరితిత్తుల్లో అలాంటి కాపలా లేదు. చిన్న రేణువులు చిట్టచివరి గాలి గదుల దాకా పోతాయి, అందులో కొద్ది భాగం రక్తంలో కలుస్తుంది. ఎడిన్‌బరోలో ఆరోగ్యవంతులు తమంతట తాముగా ముందుకొచ్చి బంగారు నానో రేణువులు పీలిస్తే, ఆ తర్వాత వాళ్ల రక్తంలోనూ మూత్రంలోనూ బంగారం కనిపించిందని 2017లో అచ్చయింది. బంగారం ఆక్సైడు కాదు, కరగదు కూడా. రేణువుకు ఆ దారి తెరిచి ఉందనడానికి మాత్రం అది సాక్ష్యం.

వృషణంలో కణాలు తయారయ్యే చోటుకు రక్తంలోని సరుకంతా చేరకుండా అడ్డం ఒక గట్టు ఉంటుంది. సెర్టోలి కణాలు ఒకదానికొకటి బిగుసుకుని కట్టిన గట్టు అది. నానో రేణువులు ఎక్కువ మోతాదులో వెళ్లినప్పుడు ఆ గట్టు బిగువు సడలుతోందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. పీత బొరియ చేసిన గట్టును మన రైతు పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, అవతల చేలో తడి చూసే పట్టుకుంటాడు. ఇదీ అంతే. రేణువు కణంలోకి పోయి, అక్కడి ఆమ్లపు సంచుల్లో కరిగి జింకును ఒక్కసారిగా వదులుతుంది. దాంతో కణానికి శక్తినిచ్చే యంత్రాంగం దెబ్బతిని ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. మామూలు కణమైతే కొంత సర్దుకుంటుంది. వీర్యకణానికి ఆ సౌకర్యం లేదు. తోకా, తలా, మోయాల్సిన డీఎన్‌ఏ తప్ప దానికి వెంట తెచ్చుకున్న సరంజామా బహు తక్కువ. పై పొర నిండా తేలిగ్గా ఆక్సీకరణ చెందే కొవ్వులు, వాటిని కాచుకునే ఎంజైములేమో కొన్నే. కదలికా, ఆకారమూ, సంఖ్యా దెబ్బతినొచ్చు.

ఇంతవరకూ చదివి ఎవరైనా చంటి కథకు ముగింపు దొరికిందనుకుంటే, ఆగండి. ఎలుకల ప్రయోగాల మోతాదులు చూడాలి. ఇరాన్‌లో 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో చిట్టెలుకలకు కిలో బరువుకు 5, 50, 300 మిల్లీగ్రాముల చొప్పున జింకు ఆక్సైడ్ నానో పొడి 35 రోజులు పట్టారు. పెద్ద మోతాదుల దగ్గర నష్టం స్పష్టంగా కనిపించింది. చంటి బరువు 60 కిలోలు. నేరుగా గుణిస్తే పై మోతాదు అతనికి రోజుకు 18 గ్రాములు! అమెరికా కార్మిక భద్రతా నిబంధన ప్రకారం గాలిలో జింకు పొగ ఘనపు మీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక పూర్తి షిఫ్టులో మనిషి దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఆ హద్దు మీద పనిచేసినా లోపలికి పోయేది రోజుకు 50 మిల్లీగ్రాములు, కిలోకు ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ. మూడు వైపులా రేకులు మూసిన షెడ్డులో ఆ హద్దు ఎన్ని రెట్లు దాటుతుందో కొలిచిన నాథుడు లేడు, అది వేరే సంగతి. ఇంకో మెలిక కూడా ఉంది. షుగరు తెప్పించిన ఎలుకలకు ఇదే నానో పొడి చిన్న మోతాదులో ఇస్తే వీర్యం మెరుగైందన్న ప్రయోగాలున్నాయి. సీరియం ఆక్సైడ్ అనే ఇంకో లోహ ఆక్సైడు కూడా ఇలాగే, ఒకచోట కాపు, ఒకచోట చేటు. టైటానియం డయాక్సైడ్ సంగతైతే, డీఎన్‌ఏకు హాని ఉండదని చెప్పలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో తేల్చింది, 2022లో అక్కడ తిండిలో దాన్ని నిషేధించారు. మందు మాత్రల పూతల్లో మాత్రం ఉండనిచ్చారు.

మరి మనుషుల మీద? వెల్డర్ల వీర్యంలో నాణ్యత తక్కువగా ఉందని డెన్మార్క్ పరిశోధకులు 1990లో చూపించారు. అదే దేశంలో తర్వాత చేసిన ఇంకో అధ్యయనంలో అంత తేడా కనిపించలేదు. పైగా వెల్డర్‌కు పొగ ఒక్కటే కాదు, వేడి కూడా ఉంది. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే దేవుడు బయట వేలాడదీశాడు. ఎర్రగా కాలుతున్న ఇనుము ముందు గొంతుక్కూర్చునేవాడికి ఆ చల్లదనం ఎక్కడిది? సిగరెట్టు ఉండనే ఉంది. కాబట్టి చంటికి కణాలు తగ్గింది జింకు పొగ వల్లేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

నా గొడవ అది కాదు. సిగరెట్టు అడిగినవాళ్లు, మందు అడిగినవాళ్లు, ప్యాంటు బిగుతు కూడా అడిగినవాళ్లు, ‘నువ్వు ఏం పని చేస్తావయ్యా’ అని అడగలేదు. నాలుగేళ్లలో మూడు ఆస్పత్రుల్లో ఒక్కరూ అడగలేదు.

‘ఎలుకల సంగతి మనుషులకెందుకు’ అని కొట్టిపారేసేవాళ్లకు ఒక పాత కథ చెప్పాలి. ఇది నానో కథ కాదు. కాలిఫోర్నియాలో లాత్రాప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల కర్మాగారం ఉండేది. అక్కడ నులిపురుగుల మందు డీబీసీపీ తయారీలో పనిచేసేవాళ్లు, తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటూ గమనించారు. 1977లో పరీక్షలు చేయిస్తే కొందరిలో ఒక్క కణం కూడా లేదు. రెండేళ్లకు అమెరికాలో ఆ మందు వాడకం దాదాపు అంతా ఆపేశారు. ఎలుకల్లో అదే మందు వృషణాలను ఎండబెడుతుందని 1961లోనే అచ్చయి ఉంది. ఎలుకకు తెలిసిన పదహారేళ్లకు మనిషికి తెలిసింది, అదీ ఏ డాక్టరూ చెప్పగా కాదు, పక్కపక్కన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోబట్టి. మన షెడ్లలో అలాంటి మాట ఎవరైనా ఎత్తుతారా? ఎత్తితే మర్నాటి నుంచి అతనికి ఏ పేరు పెడతారో మీకూ తెలుసు.

ఇదంతా నేను ఇంట్లో చెబితే మా మామగారు విసుక్కున్నారు. “కూడు పెట్టే పనిని అనకు అల్లుడూ. వాడు ఆ పని మానేస్తే నువ్వు పోషిస్తావా?” న్యాయమైన మాటే. పని మానమని నేను అనలేదు. మూడు మార్పులు చెప్పాను. అతికే చోట జింకు పూతను ముందే గ్రైండర్‌తో అంగుళం మేర తీసెయ్యడం, గ్రైండింగ్ దుమ్ము కూడా దుమ్మే కనక అప్పుడూ మాస్కు ఉండాలి. గాలి వీపు వైపునుంచి కాక పక్కనుంచి వచ్చేలా కూర్చోవడం. వెనకనుంచి వస్తే పొగ తిరిగి ముఖం మీదే సుడి తిరుగుతుంది. తువ్వాలు తీసేసి ఫిల్టరున్న మాస్కు పెట్టుకోవడం. మాస్కు గురించి చాలామందికి ఒక అనుమానం: నానో రేణువు అంత చిన్నదైతే ఫిల్టరులోంచి దూరిపోదా? పోదు. మరీ చిన్న రేణువులు గాల్లో అటూ ఇటూ తూలుతూ పోయి పీచుకు తగిలి అంటుకుపోతాయి. ఫిల్టరుకు కష్టమైనవి ఇంకాస్త పెద్దవి, 300 నానోమీటర్ల చుట్టుపక్కలవి. ఎన్95 పరీక్షించేది ఆ సైజు మీదే.

ఈలోగా మా వీధి వాట్సాప్ గ్రూపులో ఇంకో గోల. నానో యూరియా కొట్టిన బియ్యం తింటే మగతనం పోతుందని ఒక మెసేజి. నానో యూరియాలో ఉండేది నత్రజని, దానికీ లోహ ఆక్సైడ్లకూ చుట్టరికం లేదు. జింకు ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకున్నా భయం లేదు, అది చర్మం పై పొర దాటి లోపలికి పోదు. ఆ మెసేజి పంపినాయన కొడుకు చంటి షెడ్డులోనే హెల్పరు. పందొమ్మిదేళ్లు, మాస్కు లేదు.

వీర్యకణం తయారీకి దాదాపు 74 రోజులు పడుతుంది, ఆ తర్వాత బయటికొచ్చే దారిలో ఇంకొన్ని రోజులు. అంటే ఇవాళ మార్పు చేస్తే రిపోర్టులో కనపడేది మూడు నెలలకు. చంటి మాస్కు పెట్టుకున్నాడు. మొదటి పది రోజులు ఊపిరాడట్లేదని తీసి మేకుకు తగిలించేవాడు, తర్వాత సర్దుకున్నాడు. సిగరెట్లు పూర్తిగా మానలేదు, తగ్గించాడు. పక్కన ఒక పెద్ద ఫ్యాను పెట్టించాడు. సోమవారం జ్వరం మాత్రం రావడం లేదు.

మొన్న సంక్రాంతి వెళ్లాక మళ్లీ పరీక్ష చేయించాం. 1 కోటి 40 లక్షలు, కదలిక 31 శాతం. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి అడిగాడు, “మాస్కు వల్లేనంటారా బావగారూ?” చెప్పలేనన్నాను. ఒకే మనిషికి వారం తేడాలో తీసిన రెండు శాంపిళ్లలో కూడా ఇంతకన్నా ఎక్కువ తేడా రావచ్చు. సిగరెట్టు తగ్గింది, ఫ్యాను వచ్చింది, ఎండలు పోయి చలికాలం వచ్చింది, వీటిలో దేని వాటా ఎంతో విడదీయలేం. ఇంకో రెండుసార్లు చేయిద్దామన్నాను. సరేనన్నాడు. అతని ముఖంలో కొంచెం నిరాశ, నేను గట్టిగా అవునని ఉంటే బాగుండేదని.

కొత్త రిపోర్టు తల మీద మళ్లీ అదే మాట, వృత్తి: ప్రైవేట్. కౌంటరు దగ్గరికి వెళ్లి, అమ్మా దీన్ని వెల్డింగ్ అని మార్చమని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగానే కంప్యూటరు స్క్రీను నా వైపు తిప్పింది. “టైపు చెయ్యడానికి అవ్వదండి. మూడే వస్తాయండి ఇందులో, గవర్నమెంటు, ప్రైవేటు, వ్యవసాయం.”